ఊరందరికీ సాయపడే పొరుగాయన ఋణం ఎలా తీర్చుకోవాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. చిన్న ఊరు. పక్కింటి పెద్దాయన తెల్లవారకముందే లేచి తన పని చూసుకుంటారు, ఆ తర్వాత ఎవరి మోటారు నీళ్ళు ఎత్తకపోయినా, ఎవరి దుక్కి ఆగిపోయినా వెళ్తారు. పనిముట్లు అడిగినవాళ్ళకల్లా ఇస్తారు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోరు. ఊరంతా కలిసి సభ పెట్టి నాలుగు మంచి మాటలు చెప్దామనుకుంటున్నారు, అది చాలా, ఇంకేమైనా చేయాలా అని అడిగారు.

సభ పెట్టండి, తప్పేం లేదు. కానీ మర్నాడు పొద్దున మళ్ళీ ఆయన తలుపే తడతాం కదా. అలాంటి మనిషి మీద నిజంగా గౌరవం ఉంటే అది మూడు చోట్ల కనబడాలి: ఆయన పనిముట్ల మీద, ఆయన పొద్దు మీద, ఆయన ఒంటి మీద. ఈ మూడింటి మీద మనం వేస్తున్న బరువు తగ్గిస్తే చాలు, ఆయన వద్దనడానికి అందులో ఏమీ ఉండదు.

ముందు ఆయన ఇస్తున్నదేమిటో లెక్క వేసుకోండి. 45 హార్స్‌పవర్ ట్రాక్టరు దుక్కిలో గంటకు సుమారు 4 నుంచి 6 లీటర్ల డీజిలు తాగుతుంది. చాలా ట్రాక్టర్లకు 250 గంటలకోసారి ఇంజినాయిలు, ఫిల్టరు మార్చాలి. అంటే ఊరి పనికి 25 గంటలు తిరిగితే ఆ మార్పులో పదో వంతు ఊరిదే. మట్టిని గుల్లచేసే రోటవేటరు కత్తుల అరుగుదల, టైర్లు, క్లచ్ ప్లేటు దీనికి అదనం. ఇవన్నీ కొలవగలిగినవి. కొలవలేనిది అదును. మన చేను దున్నుతున్న పూట ఆయన చేలో కలుపు పెరుగుతూనే ఉంటుంది. ఎప్పుడైనా గమనించండి, అందరికంటే ముందు లేచే మనిషి చేను ఊళ్ళో అందరికంటే ఆలస్యంగా తడుస్తుంటే, ఆ ఆలస్యం మనదే.

కాబట్టి అడగడం దగ్గరే మొదలుపెట్టాలి. ఆయన విత్తే రోజున, కోసే రోజున అడగకూడదు. రెండు మూడు రోజుల ముందు చెప్పాలి. ఎన్ని ఎకరాలు, లోపలికి దారి ఉందా, గట్టు ఎక్కడ తెగ్గొట్టాలి, రాళ్ళూ మొద్దులూ ఉన్నాయా అన్నది అప్పుడే చెప్పేయాలి. ఆయన వచ్చేసరికి రాళ్ళు ఏరి, గట్టు చదును చేసి, మనం చేను దగ్గర నిలబడి ఉండాలి. ట్రాక్టరు వచ్చాక పార వెతుక్కోవడానికి ఇంటికి వెళ్ళేవాళ్ళు ఆయన గంట తినేస్తారు. ఒకే దిక్కున చేలున్న ముగ్గురు నలుగురు మాట్లాడుకుని ఒకే రోజు పెట్టుకుంటే, ఖాళీ బండి అటూ ఇటూ తిరిగే డీజిలు మిగులుతుంది.

నేల పదును (దుక్కికి తగిన తడి) చూడకుండా పిలవడం అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు. నాగలి దిగే లోతు నుంచి పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసికి ఉండ చేయండి. బొటనవేలితో నొక్కితే ఉండ పొడిపొడిగా విరిగిపోతే దుక్కికి సిద్ధం. విరగకుండా వేలి గుర్తు పడి సాగితే ఇంకా తడి ఎక్కువ ఉన్నట్టు. ఆ తడిలో దున్నితే చక్రాలు జారి డీజిలు వృథా, పైన బెడ్డలు లేస్తాయి, కింద నేల గట్టిపడి వేరు దిగదు. అటు ఆయన శ్రమ పోతుంది, ఇటు మన పంట దెబ్బతింటుంది. అది చూడటానికి రెండు నిమిషాలు చాలు. చూసి పిలవడమే మర్యాద.

ఇక అరువు తెచ్చుకున్న పనిముట్లు. ఇక్కడ కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మంచి మనుషుల మనసు విరిగేది ఎక్కువగా ఇక్కడే. తెచ్చినదాని కంటే ఒక్క మెట్టు మెరుగ్గా తిరిగివ్వాలి, అదీ చెప్పిన రోజునే.

ట్రాక్టరైతే, ఆయన దగ్గర లేకుండా వేరేవాళ్ళు నడపకపోవడమే మంచిది. తప్పనిసరైతే నడపడం బాగా వచ్చినవాళ్ళే నడపాలి. తీసేముందు ఇంజినాయిలు, రేడియేటరులో నీళ్ళు చూసుకోవాలి (ఇంజిను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయకూడదు). నడుపుతూ క్లచ్ మీద కాలు ఆనించి ఉంచే అలవాటు ఉన్నవాళ్ళకు బండి ఇప్పించకండి, రిలీజ్ బేరింగు, ప్లేటు త్వరగా పోతాయి. పని అయ్యాక కడిగి, రోజూ గ్రీజు పెట్టాల్సిన చోట్ల పెట్టి, ట్యాంకు నింపి ఇవ్వండి. సాయంత్రమే నింపాలి. ట్యాంకు ఖాళీగా ఉంటే రాత్రి చలికి లోపలి గాలిలోని తేమ నీరై డీజిల్లో కలుస్తుంది, ఆ నీరు పంపునూ ఇంజెక్టర్లనూ పాడుచేస్తుంది. డీజిలు డబ్బులు చేతిలో పెడితే ఆయన తీసుకోకపోవచ్చు. నిండిన ట్యాంకును ఎవరూ వెనక్కి ఇవ్వలేరు.

రోటవేటరుకూ గడ్డి కోసే యంత్రాలకూ షియర్ బోల్టు ఉంటుంది. రాయి తగిలినప్పుడు తాను తెగి గేర్‌బాక్సును కాపాడటమే దాని పని. అది తెగితే, ఎలాగూ మళ్ళీ తెగుతుందని ఇంకా గట్టి బోల్టు వేసి పని కానిచ్చేస్తారు చాలామంది. ఆ తర్వాతి రాయికి తెగేది బోల్టు కాదు, గేరు పళ్ళు. అదీ వారం తర్వాత ఆయన చేతిలో ఉండగా పగులుతుంది, కారణం ఎవరికీ తెలియదు. మాన్యువల్లో చెప్పిన సైజు, అదే గ్రేడు బోల్టు నాలుగైదు కొని, రెండు ఆయన పనిముట్ల పెట్టెలో వేసి ఇవ్వండి.

మందు కొట్టే స్ప్రేయరు సంగతి ఇంకా జాగ్రత్త. 2,4-డి లాంటి కలుపు మందు కొట్టిన ట్యాంకును ఒకసారి తొలిపి ఇచ్చేస్తే, మర్నాడు ఆయన అదే ట్యాంకుతో తన టమాటాకో పత్తికో పురుగు మందు కొడతారు. ట్యూబులో, ఫిల్టరులో మిగిలిన కొద్దిపాటి మందుకే ఆకులు సన్నబడి, మెలికలు తిరిగి, దొన్నెల్లా ముడుచుకుంటాయి. ఆయన తెగులేమో అనుకుంటారు. కడగడం ఇలా: 16 లీటర్ల ట్యాంకైతే ప్రతిసారీ సుమారు 2 లీటర్ల నీళ్ళు పోసి, మూతతో సహా బాగా కుదిపి, ఆ నీళ్ళు ట్యూబు, గన్ను, నాజిల్ గుండా బయటికి వచ్చేదాకా కొట్టాలి. ఇలా మూడుసార్లు. కలుపు మందైతే ఆపైన లీటరు నీటికి 10 మిల్లీలీటర్ల లెక్కన ఇంట్లో వాడే అమ్మోనియా ద్రావణం కలిపి నింపి, నాజిల్ దాకా పారించి, రాత్రంతా ఉంచి పొద్దున మళ్ళీ మంచినీళ్ళతో కడగాలి. అమ్మోనియాతో బ్లీచింగు కలపకూడదు, విషవాయువు పుడుతుంది. కడిగిన నీళ్ళు మందు కొట్టిన చేలోనే చల్లాలి, కాలువలోనో బావి పక్కనో పోయకూడదు. నాజిల్ మూసుకుపోతే తీగతో పొడవొద్దు, రంధ్రం పెద్దదై మందు లెక్క తప్పుతుంది. నోటితో అసలే ఊదొద్దు. పాత పళ్ళ బ్రష్షు చాలు. ఇంతకంటే తేలిక దారి ఒకటుంది. ఊరందరూ కలిసి కలుపు మందుకు విడిగా ఒక స్ప్రేయరు కొని, దాని మీద ఎర్రరంగుతో పెద్దగా రాసి పెట్టండి. ఆయనకు మీరిచ్చే మంచి కానుకల్లో ఇదొకటి.

నీళ్ళ పంపు తెచ్చుకుంటే, లోపల నీళ్ళు నింపి బుడగలు ఆగాకే స్టార్ట్ చేయాలి. ఒట్టిగా తిరిగితే కొద్ది నిమిషాల్లోనే సీలు మాడిపోతుంది. పీల్చే పైపు చివర జల్లెడను బురదలో పడేయకుండా బుట్టలో పెట్టి దించాలి. గడ్డి కోసే చిన్న టూ-స్ట్రోక్ యంత్రమైతే ట్యాంకులో ఒట్టి పెట్రోలు పోయకూడదు. 50కి 1 పాళ్ళయితే లీటరుకు 20 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిలు, 25కి 1 అయితే 40. ఏది పోయాలో మూత మీదో మాన్యువల్లోనో ఉంటుంది. ఆయిలు లేకుండా నడిపితే పిస్టన్ పట్టేస్తుంది. పొడుగు కరెంటు వైరు చుట్టకు చుట్టే ఉంచి మోటారు నడిపితే వేడెక్కి పైపొర కరుగుతుంది, మొత్తం విప్పి వాడాలి. పారా కొడవలీ అయితే మట్టి గీకి, తుడిచి, ఆరబెట్టి, ఇనుముకు కాస్త నూనె రాసి ఇస్తే చాలు. పదును పెట్టగలిగితే పెట్టండి, అయితే ఆయన ఉంచుకున్న వాలులోనే, ఆకురాయి ముందుకు తోసేటప్పుడు మాత్రమే ఒత్తుతూ.

ఏదైనా విరిగితే ఆ సాయంత్రమే చెప్పండి. చెప్పకుండా గోడకు ఆనించి వచ్చేస్తే ఆయనకు తెలిసేది పని మధ్యలో, అదును పోయే పూట. కొత్తది తెచ్చేటప్పుడు పాత ముక్కను చేత్తో పట్టుకెళ్ళండి. బేరింగు అంచు మీద అంకె ఉంటుంది: 6205 అంటే చివరి 05ని 5తో హెచ్చిస్తే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. బెల్టు వీపు మీద అక్షరం, అంకె ఉంటాయి. ఆ అక్షరమే దాని మందం తరగతి, కాబట్టి పొడుగు ఒక్కటే చూసి కొనొద్దు. ఒకే పుల్లీ మీద రెండు బెల్టులుంటే రెండూ కలిపి మార్చాలి. లేదంటే కొత్తది ఒక్కటే బరువంతా మోసి త్వరగా తెగుతుంది.

ఆయన పనిముట్టును మూడో మనిషికి ఇవ్వడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. అలాగే ‘మా పక్కింటాయన ఉన్నారు, నేను చెప్తే వస్తారు’ అని వేరే ఊరివాళ్ళకు మాట ఇవ్వొద్దు. కాదనలేని మనిషి తరఫున మనం ఔననడం ఆయన మంచితనాన్ని మన సొమ్ములా ఖర్చుపెట్టడమే.

ఇప్పుడు చెప్పేది మాత్రం పనిముట్ల కంటే పెద్ద సంగతి. ఊళ్ళో ప్రమాదమైన పని ఏదొచ్చినా అందరూ ఆయన వైపే చూస్తారు. పాత బావిలో దిగాలన్నా, పేడ గ్యాస్ గుంట మూత తీయాలన్నా, స్తంభమెక్కి ఫ్యూజు వేయాలన్నా ఆయనే. అడక్కముందే దూకే స్వభావం కాబట్టి ఇలాంటి చోట ముందు ప్రాణం పోయేది అలాంటివాళ్ళకే. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది, 19.5 కంటే తగ్గితే ప్రమాదమని లెక్క. మూసి ఉన్న బావిలో, పేడ గుంటలో అది ఎంత తగ్గిందో కంటికి తెలియదు. హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్ళిన గుడ్డు వాసన కొడుతుంది, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాళ్ళు పైకి రాకపోవడం, వాళ్ళను తీయడానికి దిగిన రెండోవాళ్ళూ పడిపోవడం, ఇలాంటి ప్రమాదాలు చాలావరకు ఇదే వరసలో జరుగుతాయి. దీపం దించి చూడటం చాలదు. అది ఆక్సిజన్ లేకపోతే ఆరుతుందేమో గాని విషవాయువును పట్టించదు, పైగా పేడ గ్యాసుంటే మంటే అంటుకుంటుంది. గాలిని కొలిచే మీటరు, పైనుంచి లాగే తాడు, ఒంటికంతా పట్టే బెల్టు (హార్నెస్), పైన ఇద్దరు మనుషులు లేకుండా ఎవరినీ, ముఖ్యంగా ఆయన్ని, దిగనివ్వకండి. ఎవరైనా లోపల పడిపోతే ముందు అగ్నిమాపక సిబ్బందికి ఫోను చేయాలి, ఆయన్ని చెయ్యి పట్టి ఆపాలి. స్తంభం పని లైనుమన్‌ది. ఎంత చీకటిపడినా ఆగాలి.

ట్రాక్టరు వెనక తగిలించిన యంత్రాన్ని తిప్పే పీటీవో షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 9. కండువా చివరో చొక్కా అంచో చిక్కితే చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధే ఉండదు. ఆయన ట్రాక్టరుకు ఆ షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు విరిగి ఉంటే (పాత బండ్లకు చాలావాటికి విరిగే ఉంటుంది) ఊరంతా కలిసి కొత్తది కొని బిగించండి. ఎండలో పని చేయించుకుంటే గట్టు మీద నీళ్ళ బిందె పెట్టి, 15, 20 నిమిషాలకోసారి గ్లాసెడు మీరే అందించండి. గంటకు లీటరు దాకా పడుతుంది, లీటరున్నర మించకూడదు. మాట తడబడి, తికమకగా ప్రవర్తిస్తూ ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. చెమట పడుతున్నా సరే వడదెబ్బే కావచ్చు. నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళు పోసి విసురుతూనే ఆసుపత్రికి కబురు చేయాలి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు. ధనుర్వాతం టీకా 10 ఏళ్ళకోసారి వేయించుకోవాలని గుర్తుచేయండి. మట్టి తగిలిన లోతు గాయమైతే, చివరి టీకాకు 5 ఏళ్ళు దాటితే మళ్ళీ వేయించాలి. ఇలాంటి మనుషులు గుడ్డ చుట్టుకుని పనిలోకి దిగిపోతారు, పక్కనున్నవాళ్ళే బండెక్కించాలి.

ఆయన ఇంట్లోవాళ్ళ సంగతి చాలామంది మరిచిపోతారు. ఆయన మన చేలో ఉన్న పూట పశువులకు మేత వేసేది, నీళ్ళు పెట్టేది, పాలు తీసేది ఆయన భార్య. పాలిచ్చే పెద్ద ఆవు వేసవిలో రోజుకు 100 లీటర్ల దాకా నీళ్ళు తాగగలదు. ఆ నీళ్ళు తోడేది ఎవరో ఆలోచించండి. ఆయన ఇచ్చే సాయంలో సగం ఆవిడది. కాబట్టి కృతజ్ఞత ఆవిడకూ చెప్పాలి, ఆవిడకు పనికొచ్చేలా చెప్పాలి: ఆయన మన పనికి వచ్చిన పూట మన ఇంటి నుంచి ఒకరు వాళ్ళ పశువుల దగ్గర ఉండటం, గడ్డిమోపు కొట్టంలో వేసి రావడం లాంటివి. ‘ఎప్పుడూ ఊరి పనేనా’ అని ఆ ఇంట్లో గొడవ మొదలైందంటే తప్పు ఆవిడది కాదు, మనం వేసిన బరువు ఆ గడప లోపలికి వెళ్ళిందని అర్థం.

బదులు సాయం చేస్తామని చెప్పే తీరు కూడా ముఖ్యం. ‘ఏదైనా అవసరమైతే చెప్పండి’ అంటే ఆయన నోరు తెరిచి అడగరు, అందరికీ చేసేవాళ్ళకు అడగడం చేతకాదు. ‘ఎల్లుండి మీ కోత కదా, పొద్దున ఆరింటికి మేం నలుగురం వస్తాం, బస్తాలు మోసేది మేమే’ అనండి. రోజు, వేళ, పని, ఎంతమంది, అన్నీ అందులో ఉండాలి. చెప్పిన వేళకు పది నిమిషాల ముందే వెళ్ళాలి. పెద్ద పెద్ద కానుకలు వద్దు. అవి ఆయనకు తిరిగి ఇవ్వాల్సిన బాకీలా అనిపిస్తాయి. పనికి పని, అరిగినదానికి కొత్తది, ఇంతవరకే మొహమాటం లేకుండా సాగుతుంది.

ఆయన ఒక్కరికే తెలిసిన పనులు ఊళ్ళో ఎన్ని ఉన్నాయో కూర్చుని రాయండి. ఏ వాల్వు తిప్పితే ఏ వీధికి నీళ్ళు ఆగుతాయి, ఊరి మోటారు ఎలా స్టార్ట్ చేయాలి, ఏ కాలువ తూము ఎప్పుడు మూయాలి, పశువు ఈనడం కష్టమైతే ఎవరికి ఫోను చేయాలి. ఒక్కో పనికి ఇద్దరు కుర్రాళ్ళను పెట్టి, మొదటిసారి ఆయన చేస్తుంటే చూడమనండి, రెండోసారి ఆయన చూస్తుండగా చేయమనండి. మూడోసారి నుంచి ఆయన్ని పిలవకూడదు. నేర్పమంటే ఇలాంటివాళ్ళు సంతోషంగా నేర్పుతారు, పని పంచుకోమంటే మాత్రం ఒప్పుకోరు. కాబట్టి నేర్పమనే అడగండి.

ఊరు పెద్దదవుతుంటే ఉమ్మడి పనిముట్ల గది ఒకటి పెట్టుకోవచ్చు. ఉమ్మడి వనరులను ఊళ్ళు ఎలా కాపాడుకుంటాయో పరిశోధించి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ గమనించిన సంగతి ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది. ఎక్కువకాలం నిలిచినచోట నియమాలు వాడుకునేవాళ్ళే పెట్టుకున్నారు, నిఘా వాళ్ళే పెట్టుకున్నారు, తప్పిన వాళ్ళకు మొదట చిన్న శిక్ష, మళ్ళీ తప్పితే ఇంకాస్త పెద్దది. మీరూ ఒక నోటుపుస్తకం పెట్టండి: ఏ వస్తువు, ఎవరు, ఏ రోజు తీసుకున్నారు, ఏ స్థితిలో తిరిగొచ్చింది. ఆలస్యం చేసినవాళ్ళకు మొదటిసారి మాట, రెండోసారి తర్వాతి వంతు పోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. ఆ గది తాళం, ఆ పుస్తకం ఆయన చేతిలో పెట్టకండి. గౌరవం కొద్దీ అందరూ చేసేది అదే, దాంతో ఇంకో పని ఆయన నెత్తిన పడుతుంది. అరువు ఎక్కువగా తీసుకునే ఇళ్ళ నుంచి నెలకొకరు చొప్పున చూసుకోవాలి.

సభ విషయానికొస్తే, చిన్నదిగా పెట్టండి. ఆయనకు పని లేని రోజు, సాయంత్రం పూట. వచ్చినవాళ్ళంతా ‘మహానుభావుడు’ అని పొగిడితే ఆయన తల వంచుకుని కూర్చుంటారు. ఒక్కొక్కరూ ఆయన చేసిన ఒక్క పని, ఎప్పుడు, దానివల్ల ఏం నిలిచింది అన్నది రెండు మాటల్లో చెప్పండి. ఆయన పిల్లలు, మనవలు ముందు వరసలో ఉండేలా చూడండి. నాన్న పొద్దస్తమానం ఎక్కడికి వెళ్తున్నాడో వాళ్ళకు అప్పటిదాకా సరిగా తెలిసి ఉండకపోవచ్చు. కుర్చీలు వేయడం, తీయడం ఎవరి పనో ముందే పేర్లతో పంచుకోండి, లేకపోతే సభ అయ్యాక వాటిని సర్దడానికి ముందు లేచేది ఆయనే.